మంత్రిగారి పల్లకి కిఱ్ఱు

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున ప్రచండమార్తాండుడు భూమండలమును పెనముగా జేసి సకలజీవరాశిని వేపుచుండగా కాకులు సైతము అఱచుటకు నోరు తెఱచి నాలుక మాడునను భయమున మరల మూసికొనుచుండగా చింతలగిరినుండి మొగలికోటకు బోవు ఇసుకబాటను ఒక పల్లకి సాగుచుండెను. అందు నిఖిలశాస్త్రపారంగతుడును రాజనీతిధురంధరుడునగు విస్సన మంత్రి సంధిపత్రము నొడిలో నిడుకొని కూర్చుండెను. కాలువనీటికై మూడేండ్లుగా కత్తులు నూరుకొనుచున్న ఆ రెండు సంస్థానములకు నాటి సాయంకాలము ఆతని నోటినుండి వెలువడు మాటయే యుద్ధమో శాంతియో తేల్పవలసియుండెను.

పల్లకి కిఱ్ఱుమనెను.

అది మేఘగర్జనము గాదు. బొంగును పల్లకిని గూర్చు కొయ్యచీల యొకటి యెండి అడుగడుగునకు జేయు సన్నని రొద. మొదటి వేయి కిఱ్ఱులకు మంత్రి దగ్గెను. పదివేలకు విసనకఱ్ఱ విఱిచెను. ఇరువదివేలకు సంధిలోని ప్రథమవాక్యము తనకు ఘోరావమానముగా దోచెను. ముప్పదివేలకు మొగలికోట ప్రభువు ముక్కుతీరే యుద్ధమునకు జాలిన కారణముగా గనబడెను. తన క్రోధమునకు మూలము ఆ చీల యని మాత్రము ఆ సర్వజ్ఞునకు దోపదయ్యెను.

"సంధియు లేదు గింధియు లేదు! రేపే దండు కదలవలెను!" అని తెరలోపల మంత్రి గర్జించెను.

వెనుక బొంగు మోయుచున్న ముసలిబోయీ గున్నయ్య చెవిని ఆ మాట పడెను. ఆతని కొడుకులిరువురును దండులో మొదటివరుస యీటెకాండ్రు.

"అల్లుడా, ఇన్నావా?" అని ముందున్న యెండయ్యను మెల్లగా బిలిచెను.

"ఇన్నాను మావా. పొద్దున్న ఎక్కినప్పుడు నవ్వతానే ఉన్నారు గదేటి!"

"ఈ పల్లకిలో ఎక్కినోరెవులూ నవ్వతా దిగనేదురా. ఈ కిర్రే ఆరి బుర్ర తొలిచేస్తంది. ఆముదం పోసెస్తాను."

"వద్దు మావా! ఆ కిర్రే గదా మన తాళం. అది నేకపోతే అడుగు తప్పి బాబుగోర్ని గోతిలో ఎత్తేస్తాం. యుద్దం రేపు, మన తలకాయలు ఇయ్యాలే పోతాయి."

ఎండయ్య పలికినది సత్యము. మంత్రి చెవిని బోయీల పాట పడరాదని సంస్థానపు కట్టడి యగుటచే వారు ఇరువదియేండ్లుగా ఆ కిఱ్ఱునకే యడుగులు గలుపుచుండిరి.

"నీ బావమరుదులిద్దరూ ముందు వరసలో ఉన్నార్రా" అని గున్నయ్య యనెను.

ఎండయ్య బొంగును రెండుచేతుల బిగబట్టెను.

భుజము మార్చుకొను నెపమున గున్నయ్య మొలనున్న ఆముదపు బుఱ్ఱ దీసి కాయలుగాచిన భుజమునకు రాచుకొనవలసిన చమురును చీలపై బోసెను. కిఱ్ఱు చచ్చెను. తోడనే నలువురు బోయీల యెనిమిది కాళ్లును ఎనిమిది దేశములకు బయలుదేఱెను. పల్లకి యొకప్రక్కకు ఒఱగెను.

"ఏమది?" అని మంత్రి తెరలోపలినుండి యడిగెను.

 ఒక్కొక్క యడుగును పాముపడగపై నిడునట్లు బోయీలు నూఱడుగులు నడచిరి. చెమట కన్నులలో బడినను తుడుచుకొనువాడు లేడు. ఎండయ్య కాలు ఇసుకలో దిగబడెను. పల్లకి మరల నొఱగబోయెను.

అంతలో తెరలోపలినుండి గంభీరమగు గుఱక యొకటి వెలువడెను. వెనువెంటనే రెండవది. ఇంత నిలుకడగల తాళము సంస్థానపు మృదంగవిద్వాంసునకు సైతము దుర్లభము. బోయీలు ఒకరి మొగము నొకరు చూడకయే దానికి అడుగులు గలిపిరి.

మొగలికోట ద్వారమున మంత్రి యొడలు విఱుచుకొని నవ్వుచు దిగి ప్రభువు ముక్కు మిగుల సొగసైనదని మెచ్చి యొక్క యక్షరమైన మార్పక సంధి కుదిర్చెను.

ఆతని దూరదృష్టిని బదునాలుగు పంక్తులలో గొనియాడుచు కాలువగట్టున శిలాశాసనము నిలిపిరి. అందు ఆముదము ప్రస్తావన లేదు. తిరుగుదారిని గున్నయ్య భుజము నిప్పువలె మండినను బుఱ్ఱలో మిగిలిన చమురును ఆతడు ముట్టలేదు, చీలకై దాచెను.