స్టాపర్‌కిచ్చిన కప్పు

జాస్మిన్ ఆడేది వెనక. మేడ్చల్‌లోని డిగ్రీ కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్ ముందు నిలబడి, వచ్చినవాళ్ళను వచ్చినట్టు ఆపే స్టాపర్ ఆమె. మూడేళ్ళలో ఒక్క గోల్ కొట్టలేదు. ఆపినవి ఎన్నో ఎవరూ రాసిపెట్టలేదు.

కాలేజీల మధ్య జరిగే ఆ పోటీలో ఏటా ఒక బెస్ట్ ప్లేయర్ కప్పు ఇస్తారు. పదహారేళ్ళుగా అది గోల్స్ కొట్టినవాళ్ళకే పోతోంది. ఆ సంగతి జాస్మిన్‌కు తెలియంది కాదు. అయినా ఆఖరి సంవత్సరం కదా, ఈసారి ఆశ పుట్టింది. ఫైనల్ దాకా ఆడిన ఐదు మ్యాచుల్లో వాళ్ళ జట్టు మీద ఒక్క గోల్ పడలేదు మరి. గుండ్లపోచంపల్లి గోదాములో ప్యాకింగ్ పనికి పోయే తల్లి ఎలీషమ్మ, చర్చిలో బిడ్డ పేరు చెప్పి ప్రార్థన కూడా చేయించింది.

ఫైనల్‌కు ముందురోజు జాస్మిన్ ఉండబట్టలేక కోచ్ సిద్దిరాములును అడిగింది.

"సార్, డిఫెన్స్‌ల ఆడెటోళ్ళకు ఆ కప్పు ఎప్పటికి ఇయ్యరా?"

సిద్దిరాములు గోల్ వల మడత పెడుతూనే జవాబు చెప్పాడు. "కమిటీల నలుగురు ఉంటరు బిడ్డా. వాళ్ళ ముందట ఒక కాయితం ఉంటది. ఎవలెన్ని గోల్స్ కొట్టిన్రో అండ్ల ఉంటది. నువ్వు ఆపినయి ఏ కాయితంల రాస్తరు? నేను రెండేండ్ల సంది లొల్లి పెడుతనే ఉన్న. రేపు మాధవీలతను ఆపు. ఆపితే ఇంకోసారి గట్టిగ అడుగుత."

మాధవీలత శామీర్‌పేట కాలేజీ ఫార్వర్డ్. లాల్‌గడి మలక్‌పేట్‌లో టమాట, బెండ పండించే యాదయ్య కూతురు. ఆ పోటీలో అప్పటికే తొమ్మిది గోల్స్ కొట్టింది. వచ్చే నెలలో ఆమెకు స్పోర్ట్స్ కోటా ఉద్యోగం సెలెక్షన్స్ ఉన్నాయి. జాస్మిన్‌కు ఆమె కొత్త కాదు. పోయిన ఏడు జిల్లా జట్టు క్యాంపులో ఇద్దరూ పది రోజులు ఒకే గదిలో ఉన్నారు. ఒకరి బూట్లు ఒకరు తొడుక్కుని చూసుకున్నారు కూడా.

ఫైనల్‌లో మొదటి సగం జాస్మిన్ ఆమెను వదల్లేదు. మాధవి ఎడమకు తిరిగితే ఎడమకు, కుడికి తిరిగితే కుడికి. ఈలోగా మేడ్చల్ జట్టు కార్నర్ మీద ఒక గోల్ కొట్టింది. రెండో సగంలో ఎండకు అందరి కాళ్ళూ బరువెక్కాయి. ఆట ఇంకో ఆరు నిమిషాలుందనగా మాధవికి ఎక్కడో సందు దొరికింది. ఇద్దరిని దాటి, బంతి తోసుకుంటూ ఒంటరిగా గోల్ మీదికి వచ్చింది.

జాస్మిన్ పక్క నుంచి పరుగెత్తింది. దగ్గరికి వచ్చేసరికి ఆమెకు రెండూ కనిపించాయి. బంతి, దాని వెనకాలే నేల మీద ఆనిన మాధవి కాలు. తను ఆలస్యమైందని తెలుసు. ఆగితే గోల్ పడుతుంది. ఆగలేదు. నేల మీద జారి రెండు కాళ్ళూ చాపింది.

బంతి ముందు తగిలింది. గీత అవతలికి పోయింది. ఆ వెంటనే చెరకుగడ విరిచినట్టు చప్పుడైంది.

మాధవి అరవలేదు. మోకాలికి కింద, వంగకూడని చోట వంగిన తన కాలి వైపే చూస్తూ కూర్చుంది. రిఫరీ పరుగున వచ్చి చూసి, ఫౌల్ కాదు, కార్నర్ అని చేయి చూపించాడు. నలుగురు కలిసి ఆమెను మోసుకుపోయి అంబులెన్స్ ఎక్కించారు. మిగిలిన ఆరు నిమిషాలూ ఆడారు. మేడ్చల్ గెలిచింది.

బహుమతుల దగ్గర మైకులో జాస్మిన్ పేరు వినబడింది. పదహారేళ్ళలో మొదటిసారి ఒక డిఫెండర్‌కు, అన్నారు. జట్టు పిల్లలు ఆమెను వెనక నుంచి తోశారు. ముఖ్య అతిథి కప్పు చేతికిచ్చి ఫొటోకు నవ్వమన్నాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె కోచ్‌ను అడిగింది. "ఎట్ల ఒప్పుకున్నరు సార్?"

సిద్దిరాములు బంతుల సంచి భుజం మీదికి ఎత్తుకున్నాడు. "వద్దులే, ఇంటికి వో."

"చెప్పండి సార్."

"నడుమ బ్రేక్‌లనే మాధవీలత పేరు రాసేసిన్రు. ఆ పిల్లను దవాఖానకు తీస్కపోయినంక, స్టేజీ ఎక్కెతందుకు మనిషి ఉండాలె గదా, ఫొటో దిగాలె గదా అన్నరు. అప్పుడు నేను నీ పేరు చెప్పిన. నువ్వు ఆడింది ఉత్తది కాదు బిడ్డా. గానీ అడిగినవు కాబట్టి చెప్పిన."

బస్సు రాగానే జాస్మిన్ కప్పు పట్టుకుని వెనక సీటులో కూర్చుంది.

ఆపరేషన్ అయ్యి మాధవి ఇంటికి చేరిందని విన్నాక, మూడో వారంలో, కప్పు సంచిలో పెట్టుకుని లాల్‌గడి మలక్‌పేట్ పోయింది. కొత్త ప్లాట్ల రాళ్ళు పాతిన చేను పక్కనే వాళ్ళ ఇల్లు. మాధవి తల్లి శంకరమ్మ ఎవరని కూడా అడగకుండా లోపలికి రమ్మంది. మాధవి మంచం మీద ఉంది. కాలికి బయట నుంచే ఇనుప కడ్డీలు బిగించి ఉన్నాయి. సెలెక్షన్స్ అంతకు నాలుగు రోజుల ముందే అయిపోయాయి.

జాస్మిన్ కప్పు తీసి మంచం మీద పెట్టింది. "ఇది నీది. నీ పేరే రాసిన్రంట."

మాధవి దాన్ని ముట్టుకోలేదు. "నువ్వు బాల్ మీదికే వచ్చినవు. నేను చూసిన. అందరికి అదే చెప్పిన."

ఆ మాట పట్టుకుని లేచి వచ్చేస్తే సరిపోయేది. జాస్మిన్ వల్ల కాలేదు.

"నాకు నీ కాలు గూడ కనవడ్డది మాధవీ. ఆగొచ్చుండె. ఆగలే."

గది బయట శంకరమ్మ చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. మాధవి ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"గా మాట చెప్పెతందుకు వచ్చినవా? చెప్పకపోతే బాగుండు. ఇన్ని దినాలు తెల్వక జరిగిందని అనుకున్న. ఇగ రోజు నిన్ను తిట్టుకుంట పండాల్నా? పో."

శంకరమ్మ లోపలికి వచ్చి కప్పును మళ్ళీ సంచిలో పెట్టి జాస్మిన్ చేతికిచ్చింది. తిట్టలేదు. "మా ఇంట్ల వద్దు బిడ్డా" అంది, అంతే.

తర్వాత బహదూర్‌పల్లిలో ఒక టోర్నమెంట్ జరిగింది. ఎదుటి పిల్ల బంతితో దగ్గరికి రాగానే జాస్మిన్ కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. సగం ఆటకే మూడు గోల్స్ పడ్డాయి. సిద్దిరాములు ఆమెను బయటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆమె మళ్ళీ మైదానంలోకి దిగలేదు.

రెండు నెలలకు శంకరమ్మ ఫోన్ చేసింది. కడ్డీలు తీసేశారట. నడవాలని డాక్టర్ చెప్పినా బిడ్డ మంచం దిగడం లేదట. "నా మాట ఇంటలేదు, వాళ్ళ నాయిన మాట ఇంటలేదు. నీ మీద కోపానికన్న లేస్తదేమో. ఒక్కపారి రా" అంది.

జాస్మిన్ పోయింది. మాధవి ఆమెను చూసి ముఖం తిప్పుకోబోయి ఆగింది. తర్వాత ఏమనుకుందో, చేయి చాపింది. జాస్మిన్ ఆ చేతిని భుజం మీద వేసుకుని నడుం పట్టుకుంది. ఇద్దరూ గది దాటి వాకిలి వైపు నడిచారు. విరిగిన కాలు ఇంకా నేలకు సరిగ్గా ఆనడం లేదు. ప్రతి అడుగుకూ మాధవి గోళ్ళు జాస్మిన్ భుజంలో దిగుతున్నాయి.

గడప దగ్గర మాధవి ఆగింది.

"గట్టిగ వట్టుకో" అంది, ఆమె వైపు చూడకుండానే. "పడితే మల్ల ఇరుగుతది."