ఎటు నిమిరినా ఒకటే

తోళ్ల వ్యాపారంలో పేరు పోగొట్టుకుంటే మళ్లీ కొనుక్కోలేం. తోళ్లు కొని లండన్‌కి పంపే మంగో టైట్‌ది ఇప్పటికే సగం పోయింది. కిందటేడు అతను పంపిన మోల్ (పొలాల కింద సొరంగాలు తవ్వే చిన్న నల్ల జంతువు) తోళ్లలో మూడు వాగు ఎలుకలవి దొరికాయని లండన్ షాపువాళ్లు మూటంతా తిప్పి పంపారు. ఈసారి ఒక్కటి కనబడినా ఇక సరుకే వద్దన్నారు. సరుకు వెళ్లే రైలుకింకా అరగంటే ఉంది.

ఇరవై ఏళ్లుగా మోల్‌లని పట్టి సరుకు తెచ్చే ముసలి వాటీ మూట సిద్ధంగా ఉంది. ఈ ఏడే బోన్లు పెట్టడం మొదలెట్టిన ఐలీ రెన్నీ తన తోళ్లు మంగో కొట్లో బల్ల మీద పరిచింది.

వాటీ వంగి చూశాడు. "వాగు ఎలుకలివి. మన కొండల్లో అవీ నల్లగానే ఉంటాయి. ఈ పిల్లకి పొలానికీ వాగు గట్టుకీ తేడా తెలీదు."

మంగో ఒక తోలు తిరగేశాడు. మట్టి తవ్వే పారల్లాంటి ఆ వెడల్పు చేతులు తోలుకుంటే మోల్ అని గుడ్డివాడైనా చెబుతాడు. "చేతులేవమ్మా?"

"కోసి తెమ్మంది మీరేగా? తోక నుంచి తలవైపుకి నిమరండి."

నిమిరాడు. బొటనవేలు ఎక్కడా ఆగలేదు. ఎటు తోస్తే బొచ్చు అటే ఒరిగింది.

"మోల్ సొరంగంలో వెనక్కీ పరిగెత్తాలిగా. బొచ్చు ఎదురు తిరిగితే ఎలా? చెవి డొప్పలు కూడా ఉండవు, వెతకండి."

వెతికాడు, లేవు. మంగో చటుక్కున వాటీ మూట తాడు కోశాడు.

"ఏరా, నామీదే అనుమానమా?"

"నేను కాదు తాతా, నా బొటనవేలు."

పదకొండో తోలు దగ్గర వేలు ఆగింది. వెంట్రుకలు ఎదురు నిక్కాయి, బొచ్చులో బుల్లి చెవి తగిలింది. అలాంటివి మొత్తం నాలుగు తేలాయి.

వాటీ ఒక ఎలుక తోలూ ఒక మోల్ తోలూ తీసుకుని అటూ ఇటూ నిమిరాడు. "నాకు రెండూ ఒకేలా ఉన్నాయిరా." మంచులో బోన్లు పెట్టి పెట్టి అతని వేళ్లు ఎప్పుడో మొద్దుబారాయి. అది అతనికీ ఇప్పుడే తెలిసింది.

"చెంపకి రాసి చూడు తాతా," అంది ఐలీ మెల్లగా.

రాశాడు. ఉలిక్కిపడ్డాడు. "దొంగ ఎలుక!"

ముగ్గురూ చకచకా మిగతా తోళ్లన్నీ చూసేశారు. రైలు కూత వినబడుతుండగా మంగో ఆఖరి ముడి బిగించి మూట భుజానికెత్తాడు.

"వచ్చే శనివారం నుంచి నీ సరుకు ముందు ఐలీ చూస్తుంది తాతా," అన్నాడు పరిగెత్తుతూనే.

"నా చెంప ఉందిగా!"

"అయితే గడ్డం గీసుకుని రా," అంది ఐలీ.