తొడ మీద నీలం చుక్కలు

బాక్సింగ్ కోచ్ పిడికిట్లో చిన్న సిస్టర్ గొంతు చిక్కుకుపోయింది. ఆమె మడమలు నేలకు ఆనడం లేదు. షుగర్ వార్డులో మిగతా పేషెంట్లు మంచాల మీద బిక్కచచ్చిపోయి కూర్చున్నారు.

పెద్ద సిస్టర్ పరుగున వచ్చింది. ఆమె ముందుగా చూసింది పిడికిలిని కాదు, కోచ్ ఒంటిని. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. కళ్లు ఎటో చూస్తున్నాయి.

"ఇది కోపం కాదు, షుగర్ పడిపోయింది! ఆయా, కాళ్లు పట్టుకో!"

ఆయా పట్టుకుంది. ఒక్క తన్నుకి ఎగిరి మందుల ట్రాలీ మీద పడింది. పెద్ద సిస్టర్ కోచ్ మోచేతిని వెనక్కి మెలిపెట్టబోతే, అతని రెండో పిడికిలి ఆమె దవడను తాకింది. నోట్లో ఉప్పగా నెత్తురు.

"కోచ్ గారూ, రింగు బయట కొడితే ఫౌలండీ!" అంటూ తన బరువంతా వేసి అతన్ని మంచం మీదికి తోసింది. చిన్న సిస్టర్ జారిపడి దగ్గసాగింది.

వేలు గుచ్చి చూస్తే మీటరులో ముప్ఫై ఒకటి. ముంజేతికి సూది గొట్టం ఇంకా ఊడలేదు, అదే అదృష్టం. అందులోంచి గ్లూకోజ్ ఎక్కించింది. పిడికిళ్లు మెల్లగా విచ్చుకున్నాయి. నూట పది.

ఇరవై నిమిషాలకు మళ్లీ నలభై.

పెద్ద సిస్టర్ చార్టు తిరగేసింది. పొద్దున చిన్న సిస్టర్ ఇచ్చిన ఇన్సులిన్ ఆరు యూనిట్లు. పక్కనుండి చూసి తనే రెండో సంతకం పెట్టింది. ఆరు యూనిట్లకి మనిషి ఇలా రెండుసార్లు కుప్పకూలడు. ఇంకో సీసా గ్లూకోజ్ తగిలించి, డాక్టరుకి కబురు పంపింది.

డాక్టరు కంటే ముందు, షుగర్ పడిందని విని కోచ్ తమ్ముడు వచ్చాడు. వస్తూనే చిన్న సిస్టర్ జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు.

"ఆరుకి బదులు అరవై పొడిచావటే! పాసై వచ్చావా, కాపీ కొట్టి వచ్చావా?"

"ఆరేనండీ... ఒట్టు!" ఆ పిల్ల నుదుటి మీంచి నెత్తురు కారుతోంది.

"మా అన్నకేమన్నా అయితే నీ చేతులు విరిచేస్తా. వదినా, నువ్వు చూశావుగా, చెప్పు!"

మంచం కాళ్ల దగ్గర స్టూలు మీద కోచ్ భార్య శాలువా కప్పుకుని కూర్చుంది. శాలువాను మెడ చుట్టూ ఇంకాస్త బిగించుకుంది.

మాటలతో ఆ పిల్ల బయటపడదు. సూది ఎక్కడ దిగిందో వెతకాలి. పెద్ద సిస్టర్ చొక్కా పైకెత్తింది. పొట్ట మీద పొద్దుటి సూదిపోటు ఒక్కటే. ఈ వార్డులో పొట్టకు తప్ప ఎక్కడా ఇవ్వరు. చేతులు చూసింది, ఏమీ లేవు. పైజమా పైకి లాగింది.

ఎడమ తొడ మీద మూడు పచ్చి సూదిపోట్లు. ఒక్కోదాని పక్కన బాల్‌పెన్నుతో పెట్టిన నీలం చుక్క.

వార్డులో ఎవరూ చుక్కలు పెట్టరు, చార్టులో రాస్తారు. చుక్క తను కనిపెట్టిన చిట్కా. ఇంట్లో ఇన్సులిన్ వేయడానికని, చదువు రాని ఒకే ఒక్క మనిషికి పోయిన నెలలో నేర్పింది. 'సూది తీయగానే పక్కన చుక్క పెట్టు. రేపు దానికి రెండు వేళ్ల దూరంలో పొడువు. మర్చిపోకు.' ఆ మనిషి మర్చిపోలేదు. ప్రాణం తీయడానికి పొడిచినప్పుడు కూడా చెయ్యి అలవాటుగా చుక్కలు పెట్టేసింది.

పెద్ద సిస్టర్ స్టూలు పక్కకి వంగి గొంతు తగ్గించింది. "ఎంత ఇచ్చావమ్మా? నిజం చెప్పు, ఎంతసేపు గ్లూకోజ్ పెట్టాలో నాకు తెలియాలి."

"ఇంటి నుంచి తెచ్చిన సీసా. మూడుసార్లూ సూది నిండా."

"ఎందుకిలా చేశావు?"

ఆమె శాలువా కాస్త జరిపింది. మెడ చుట్టూ అయిదు వేళ్ల అచ్చు, అంచులు పసుపు తిరిగి, వారం నాటిది. "ఇందాక మీరంతా షుగర్ పడిందన్నారు. షుగర్ పడితేనే కొడతాడనుకున్నారా సిస్టర్?"

పెద్ద సిస్టర్ సీసా వైపు తిరిగింది. గ్లూకోజ్ బొట్లను వేగంగా వదిలింది. కోచ్ ఊపిరి సర్దుకుంటోంది. ఇతను బతుకుతాడు. బతికి, లేచి ఇంటికి వెళతాడు.

వెనక ఇనప కుర్చీ గీసుకున్న చప్పుడు. తమ్ముడు దాన్ని రెండు చేతులా పైకెత్తాడు. కింద చిన్న సిస్టర్ తల చుట్టూ మోచేతులు అడ్డం పెట్టుకుంది.

"ఆగు!" పెద్ద సిస్టర్ మధ్యలోకి దూకింది. కుర్చీ కాలు ఆమె భుజం మీద దిగి ఎముక కటుక్కుమంది. "ఈ పిల్ల కాదు! తొడ మీద మూడు సూదిపోట్లున్నాయి, మా వార్డువి కావు!"

"మరెవరు?" కుర్చీ మళ్లీ లేచింది. "పేరు చెప్పు, లేకపోతే ముందు దీన్ని, తర్వాత నిన్ను!"

స్టూలు మీద ఆమె కళ్లు దించుకోలేదు, వద్దని తల ఊపనూ లేదు.

"మీ వదిన," అంది పెద్ద సిస్టర్.