నిటారు ముద్ర

“పెట్టాలా, వద్దా?” కొడుకు రాసిపెట్టిన చీటీని కళ్ళకు దగ్గరగా పట్టుకుని అత్తగారు మళ్ళీ అడిగింది.

‘ప్లాస్టిక్ సంచి బయట పెట్టకుండా ఉండొద్దు’ అని ఉంది చీటీలో. చివరి ‘ఒద్దు’ మాత్రమే కంటికి ఆనడంతో ఆవిడ సంచి ముట్టుకోలేదు. ఈలోగా చెత్తబండి వెళ్ళిపోయింది.

“‘పెట్టు’ అని రాస్తే మీ పెన్ను అరుగుతుందా?” గిన్నెలు కడుగుతూ భర్తను అడిగింది ఇకుయో.

“అమ్మకి మర్యాదగా రాద్దామని,” నసిగాడు షోసుకె.

“మీ మర్యాద ఇంకో వారం మన గుమ్మంలో కంపు కొడుతుంది.”

వచ్చే నెలకు ఇకుయోకు అరవై నిండుతాయి. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు చెవుల దగ్గరికి కత్తిరించుకుంటుంది. కోబె రేవు పక్కన ఓడల పంపులు అమ్మే కంపెనీలో ముప్పై నాలుగేళ్ళుగా ఇంగ్లీషు ఒప్పందాలు సరిచూస్తోంది. ఎదుటి బల్ల దగ్గర కూర్చునే తోటి ఉద్యోగిని ఒబాతా అసలు ప్రతిని పట్టుకుంటే, ఇకుయో పైకి చదువుతుంది. చుక్కనీ, కామానీ కూడా వదలదు. రెండు మాటల్ని కలిపి కట్టే చిన్న గీత వస్తే “గీత” అంటుంది. ఆ గీత జారిపోతే, ఇరవై నాలుగు గంటల పరీక్షలు కాస్తా నాలుగేసి గంటల పరీక్షలు ఇరవై అయి కూర్చుంటాయి. ‘కాదు’, ‘లేదు’ లాంటి మాట వచ్చినప్పుడల్లా చూపుడువేలితో బల్ల మీద ఒకసారి తడుతుంది.

ఆ రోజు పదకొండో షరతు దగ్గర వేలు మూడుసార్లు తట్టింది.

‘కొనేవారు తెలియజేయకపోతే తప్ప, అమ్మేవారు మార్చి ఇవ్వకుండా ఉండరాదు.’

“ముప్పై రోజుల్లో చెబితేనే మారుస్తామని బేరం మాట్లాడినప్పుడు అనుకున్నారుగా,” అంది ఇకుయో. “ఆ మాట ఎటు పోయింది?”

ఒబాతా కళ్ళద్దాలు తీసింది. “ఈ పొగమంచులో ఎక్కడో ఉండే ఉంటుంది.”

ఆ పంపుల పోతపని చేసేది హషిజుమె అనే ముసలాయన, ఆయన ఇద్దరు కొడుకులు. అయిదేళ్ళ తరవాత పంపు పగిలినా, ఈ వాక్యం చూపించి మళ్ళీ పోయమంటే ఆ కొలిమి ఆరిపోతుంది.

ఇకుయో ఎర్ర పెన్సిల్ తీసి చిన్న చీటీ మీద ఇంగ్లీషులో సూటిగా రాసింది: కొనేవారు ముప్పై రోజుల్లోగా తెలియజేస్తేనే అమ్మేవారు మార్చి ఇస్తారు.

సెక్షన్ అధికారి సుగినో ఆ చీటీని వేలికొసతో పక్కకు జరిపాడు. “అవతలి వకీళ్ళు రాసింది కదండీ. వాళ్ళని నొప్పించడం ఎందుకు? మీరు ముద్ర వేసెయ్యండి. అరవై దాటాక మీ ఉద్యోగం పొడిగించే కాగితం కూడా నా దగ్గరే ఉంది. రెండూ ఇవాళే పైకి పంపేద్దాం.”

ఇకుయోకు అర్థమైంది. చదివినవాళ్ళ ముద్ర లేనిదే ఒప్పందం గడప దాటదు.

అక్కడ కిందివాళ్ళు సంతకానికి బదులు వేసే పేరు ముద్రను కాస్త ఎడమకు వాల్చి వేస్తారు, పై అధికారి గడి వైపు తల వంచినట్టు. ముప్పై నాలుగేళ్ళూ ఆమె ముద్ర అలాగే వంగింది. ఇవాళ ఒప్పందం మీది గడిని ఖాళీగా వదిలేసి, తను రాసిన చీటీ మీద ముద్ర నొక్కింది. అది నిటారుగా పడింది.

“నేను చదివింది ఇదేనండీ. దీనికే నా ముద్ర.”

సుగినో చీటీని ఒప్పందానికి గుచ్చి, అవతలివాళ్ళకు తిప్పి పంపమన్నాడు. పొడిగింపు కాగితాన్ని మాత్రం సొరుగులో పెట్టేశాడు. ఇకుయో దాని సంగతి అడగలేదు. సాయంత్రానికి తన బల్ల తుడిచి, ఎర్ర పెన్సిల్‌ను ఒబాతా చేతిలో పెట్టింది.

“మూడుసార్లు తట్టాల్సి వస్తే సంతకానికి పంపకు.”

“నా వేలు నీ అంత గట్టిది కాదు,” అంది ఒబాతా, కళ్ళు తుడుచుకోకుండా.

రాత్రి భోజనాల దగ్గర కాల్చిన చేప, తురిమిన ముల్లంగి. ఇకుయో అందరికీ అన్నం పెట్టాక చెప్పింది.

“ఉద్యోగం మానేస్తున్నాను. మిగిలిన సెలవులన్నీ వాడుకుంటాను. రేపటి నుంచి ఇంట్లోనే ఉంటాను.”

షోసుకె అన్నం తినే పుల్లలు పక్కన పెట్టాడు. అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. “అంటే, వెళ్ళకుండా ఉండవా ఏంటి?”

“ఉంటాను అత్తయ్యా. చెత్త చీటీ కూడా ఇక నేనే రాస్తాను.”

“హమ్మయ్య,” అంది అత్తగారు.

రేవు పక్క ఆఫీసులో ఆమె బల్ల ఖాళీగా ఉంది. చూపుడువేలు పడే చోట పూత పోయి, చిక్కుడుగింజంత గుంట.