అరగదీసిన కొమ్ము

"అందరూ గోడ దిక్కు తిరిగి నిలబడండి! కొంగులు దులపండి!" అరిచాడు మేస్త్రీ.

పలకల ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. ఓడరేవుకు పోవాల్సిన చెక్కపెట్టెను షావుకారే గునపంతో పగలగొట్టాడు. నిలువునా పేర్చిన రాతిపలకలు, వాటి మధ్య కుక్కిన వరిగడ్డి నేలంతా పడి ఉన్నాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని గడ్డి కెలుకుతున్నాడు.

కూలీల వరసలోంచి జహరాబీ అటే చూస్తోంది. ఆయన వెతుకుతున్నది తన ఇంట్లో ఉంది.

నిన్న ఆ పెట్టెలో గడ్డి సర్దుతుంటే చేతికి గట్టిగా ఏదో తగిలింది. నల్లటి కొమ్ము. మొదలు దగ్గర లావు, కొసన సన్నం. దుప్పికొమ్ము ముక్క అనుకుంది. తర్లుపాడులో ఆమె పుట్టింట అలాంటిదొకటి ఉండేది. ఎవరికి రొమ్ము పట్టేసినా దాన్ని సానరాయి మీద నీళ్లతో అరగదీసి పట్టు వేసేవాళ్లు. వీధిలో ఎవరైనా అడక్కుండా తీసుకుపోయి, తెల్లారి తెచ్చి పెట్టేవాళ్లు. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు. ఆమె కూడా అలాగే కొంగులో చుట్టి తీసుకుపోయింది. ఈ పొద్దున భర్తకు ఆయాసం ఎక్కువై, తిరిగి తేవడం మరిచిపోయింది.

మేస్త్రీ వచ్చి, జహరాబీ పక్కనున్న మాలకొండమ్మ ముందు ఆగాడు.

"నా ఒంటి మీద చెయ్యేసి చూడు, ఆ చేత్తో మళ్లీ అన్నం తింటావేమో!" అంది మాలకొండమ్మ.

జహరాబీ ముందుకొచ్చింది. "ఆమెనొదిలేయండి షావుకారూ. నేనే తీసుకపోయినా. మా ఆయనకు పట్టేద్దామని. దుప్పికొమ్మే గదా..."

"దుప్పికొమ్మా!" చెంప ఛెళ్లుమంది. షావుకారు ఆమె జబ్బ పట్టుకుని ఇంటిదాకా ఈడ్చుకెళ్లాడు.

ఇల్లంటే ఫ్యాక్టరీ వెనక రేకుల గది. అదీ షావుకారుదే. అబ్బాస్ అలీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. పెళ్లికి ముందు నుంచీ కోతమిషను దగ్గరే పనిచేశాడు. రాయి కోస్తుంటే దుమ్ము లేవకుండా పైనుంచి నీళ్లు పడేవి. ట్యాంకరు ఖర్చు దండగని షావుకారు ఆ పైపు పీకించాడు. మూతికి గుడ్డ కట్టుకోమన్నాడు. అన్నం ముద్దలో కూడా రాతిపొడి కరకరలాడేది. ఇప్పుడు అబ్బాస్ డొక్కల్లో ఎముకలు లెక్కపెట్టొచ్చు. వాటి మీద నల్లటి పూత ఎండి పగుళ్లిచ్చింది.

షావుకారు సానరాయి పక్కనున్న కొమ్మును లాక్కున్నాడు. కొస చదునైపోయింది.

"నాశనం చేసినారు గదరా! ఖడ్గమృగం కొమ్మురా ఇది. అస్సాం నుంచి తెప్పిచ్చినా!"

"ఏం జేస్తారన్నా దీంతో?" అన్నాడు అబ్బాస్.

"పరదేశపోళ్లు అరగదీసి తాగుతారు. ఏ రోగమైనా పోతదంట."

అబ్బాస్ నవ్వబోయాడు. దగ్గొచ్చింది. "నా కాలిగోరు అరగదీసి పూసుకున్నా ఇంతేనన్నా. దీనికోసమా అంత జంతువును చంపింది?"

షావుకారు కొమ్మును తువ్వాల్లో చుట్టుకుని బయటపడ్డాడు. సందు మొదట్లో అటవీశాఖ జీపు అడ్డంగా ఆగి ఉంది. పెట్టెల సంగతి వాళ్లకు ముందే చేరింది.

లోపల జహరాబీ గుడ్డ తడిపి భర్త రొమ్ము తుడుస్తోంది. పూత ఊడివస్తోంది. సగం తుడిచాక ఆమె చెయ్యి ఆగింది. గుడ్డ కింద రొమ్ము కదలడం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత మిగతా సగం కూడా తుడిచి, దుప్పటి కప్పింది.

వాకిట్లో బూట్ల చప్పుడు. రేంజర్ సుధారాణి వెనకే షావుకారు వచ్చాడు.

"ఈ ఇంట్లోనే దొరికింది మేడం. ఈ అబ్బాస్ అలీ యాడ్నించో తెచ్చి దాచినాడు. పట్టుకొని మీకే ఇద్దామని వస్తాండా."

అంతలో ఆయనకు దుప్పటి కనిపించింది. వంగి, జహరాబీకి మాత్రమే వినిపించేలా అన్నాడు. "పోయినోడికి కేసేముంటది? అవునను చాలు. బతికినన్నాళ్లు ఈ ఇంట్లోనే ఉండు."

జహరాబీ రేకుల కప్పు వైపు చూసింది. కాదంటే ఈ రాత్రికే బయట ఉంటుంది. మృతదేహం కూడా.

"చెప్పమ్మా, ఈ కొమ్ము ఎవరిది?" అంది రేంజర్.

ఆ ఫ్యాక్టరీలో కూలీలెవరూ షావుకారును పేరు పెట్టి పిలవరు. జహరాబీ ఎప్పుడూ పిలవలేదు. ఆమె లేచి గడపలోకి వచ్చింది, వీధిలో అందరికీ వినపడాలని.

"నరసింహులుది. కొమ్ము పెట్టెలో దాచింది నరసింహులు. నీళ్లు ఆపి మా ఆయన్ను చంపింది నరసింహులు. రెండూ రాసుకో మేడం. నరసింహులు!"