భూపాల్ పోసిన గేర్ ఆయిల్

తార్నాకలో భూపాల్ షెడ్డుకు బోర్డు లేదు. మెట్రో స్టేషన్ దాటి లోపలి గల్లీలోకి మళ్లి ఎవరినడిగినా చూపిస్తారు. పాతికేళ్లుగా అక్కడే ఉన్నాడు. ప్రొఫెసర్ల పాత కార్లు, యూనివర్సిటీ హాస్టళ్లకు కూరగాయలు తెచ్చే మినీ లారీలు, రిటైరైన గుమాస్తాలు మురిపెంగా తుడుచుకునే బండ్లు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడని పేరు. ఆ పేరంటే భూపాల్‌కు చాలా ఇష్టం. చెప్పింది తప్పయితే ఒప్పుకోవడం మాత్రం ఆయనకు ఎప్పుడూ అలవాటు లేదు.

వనజ ఆ షెడ్డుకు మొదటిసారి వచ్చింది రెండేళ్ల కింద, దసరా వెళ్లిన నెలలో. ఆమె యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తుంది. ఇల్లు అడిక్‌మెట్‌లో. నలభై నాలుగేళ్ల వయసులో కారు నేర్చుకుంది. ఆదివారాలు తెల్లారగానే క్యాంపస్ రోడ్ల మీద వాకింగ్‌కు వచ్చినవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఆ రోడ్ల పక్క చెట్ల కిందే బండి ఆగిపోతుంటే మళ్లీ స్టార్ట్ చేసుకుంటూ ఆరు నెలల్లో చెయ్యి కుదుర్చుకుంది. భర్త దివాకర్‌కు బైకే అలవాటు కాబట్టి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ చిన్న తెల్ల కారు మెల్లమెల్లగా ఆమెదైపోయింది. కారుతో పాటు వచ్చిన పుస్తకాన్ని కూడా ఆమె వదల్లేదు, మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది.

ఆ రోజు ఆ పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చింది.

"అన్నా, బండి అరవై వేలు దాటింది. గేర్ ఆయిల్ మార్చాలని ఉన్నది ఈ బుక్కుల. జీఎల్ ఫోర్ రకమే పోయాలంట. జర చూడుండ్రి."

భూపాల్ ఒక మినీ లారీ కింద పడుకుని ఉన్నాడు. పుస్తకం వైపు తల కూడా తిప్పలేదు.

"బుక్కుల సంగతి మీకు తెలుసు మేడం, బండ్ల సంగతి మాకు తెలుసు. పరేషాన్ కాకుండ్రి, సాయంత్రం వచ్చి తీసుకపోండ్రి."

షెడ్డులో అప్పుడున్నది లారీల వెనక ఇరుసుకు పోసే చిక్కటి నూనె. డబ్బా మీద జీఎల్ ఫైవ్ అని ఉంది. నాలుగు కన్నా ఐదు పెద్దదే కదా, ఇంకా మంచిదే పోస్తున్నాననుకున్నాడు భూపాల్. మోసం చేయాలని కాదు. సరైన నూనె కోసం ముషీరాబాద్ దాకా పోవాలంటే బద్ధకం వేసింది. పాతది దించాడు, ఇది నింపాడు, బోల్టు బిగించాడు, ఆ సంగతి మరిచిపోయాడు.

వారం తిరక్కుండానే వనజ మళ్లీ వచ్చింది. పొద్దున బండి తీస్తే ఫస్ట్ గేరు పడటం లేదని, బలంగా నెడితే కొట్టుకున్నట్టు చప్పుడొస్తుందని చెప్పింది. కొత్త ఆయిల్ కదా, సర్దుకోవాలంటే కొన్ని రోజులు పడుతుందన్నాడు భూపాల్. చలి ముదిరింది కానీ ఏదీ సర్దుకోలేదు. ఒక పొద్దున తార్నాక సిగ్నల్ దగ్గర గేరు పడక బండి నడిరోడ్డు మీద నిలిచిపోయింది. వెనక బస్సులు, ఆటోలు హారన్లు కొడుతుంటే ఆమె గేరు రాడ్డును మళ్లీ మళ్లీ నెట్టింది. ఆ మధ్యాహ్నమే దివాకర్‌ను వెంటబెట్టుకుని మూడోసారి వచ్చింది.

అప్పుడు షెడ్డులో ఇంకో ఇద్దరు బండ్లవాళ్లు కూర్చుని ఉన్నారు. భూపాల్ తాళం తీసుకుని ఒక రౌండు కొట్టి వచ్చాడు. అడిక్‌మెట్ నుంచి నడిచివచ్చిన బండి, ఇంజను వేడి మీద ఉంది. వేడికి నూనె పలచబడి గేర్లు వెన్నలా పడ్డాయి.

"బండిల ఏం లేదు సార్," అన్నాడు దివాకర్‌తో. "మేడం చేతిలోనే ఉన్నది. క్లచ్ సగమే తొక్కుతున్నరు."

కూర్చున్నవాళ్లు నవ్వారు. దివాకర్ కూడా నవ్వాడు. "నేను ముందే చెప్పిన భూపాల్, వింటదా?"

"పొద్దున చల్లగున్నప్పుడు చూడాలె అన్నా," అంది వనజ. "ఒక్క రాత్రి ఇక్కడే పెట్టుకోండ్రి. తెల్లారి మీరే స్టార్ట్ చేసి చూడుండ్రి."

"ఎప్పుడు చూసినా గదే బండి మేడం," అన్నాడు భూపాల్, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

 వనజ ఆయన దగ్గర తాళం తీసుకుని భర్త చేతిలో పెట్టి అవతలి సీట్లో కూర్చుంది. రెండు నెలలకు దివాకర్ కారు అమ్మేస్తానన్నాడు. మల్కాజ్‌గిరిలో ఉండే దయాకర్ అనే డ్రైవర్‌కు భూపాలే మాట్లాడి ఇప్పించాడు. కారు కథ తన వరకు అంతటితో అయిపోయిందనుకున్నాడు.

రెండేళ్ల తర్వాత, ఈ డిసెంబరులో దయాకర్ ఆ కారునే తీసుకుని వచ్చాడు.

"భూపాలన్నా, పొద్దున ఫస్ట్ గేరు పడుతలేదు. పోయిన చలికాలం గూడ గిట్లనే ఉండె, ఓర్చుకున్న. ఇప్పుడు థర్డ్ వేస్తే గరగర అంటున్నది."

క్లచ్ సగం తొక్కుతున్నావేమో అనబోయి భూపాల్ ఆగిపోయాడు. దయాకర్ ఇరవై రెండేళ్లుగా స్టీరింగ్ పట్టినవాడు. లారీ, స్కూలు బస్సు, ట్యాక్సీ, అన్నీ నడిపాడు. ఆయన చేతిని అనడానికి నోరు రాలేదు. అదే మాట ఇంతకు ముందు ఇదే చోట నిలబడి ఎంత సులువుగా అన్నాడో గుర్తొచ్చింది.

బండి కిందికి దూరి గేర్ బాక్సు బోల్టు విప్పాడు. గిన్నెలోకి నల్లగా, చిక్కగా నూనె జారింది. ఘాటైన గంధకం వాసన. రోజూ లారీ ఇరుసులకు పోసే నూనె వాసన అది, పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. గిన్నెను ఎండలోకి తెచ్చి వంచి చూశాడు. నూనె అంతా పసుప్పచ్చగా, బంగారు పొడి కలిపినట్టు మెరిసింది.

ఆ సాయంత్రమే ముషీరాబాద్ పోయాడు. అక్కడ బుచ్చిబాబు అనే పెద్దాయన నలభై ఏళ్లుగా బండ్ల సామాన్లు అమ్ముతున్నాడు. సీసాలో తెచ్చిన నూనె చూసి బుచ్చిబాబు వేలి మీద రాసుకుని లైటుకు పెట్టాడు.

"ఇత్తడి పొడి ఇది. గేర్లు కలిపే రింగులు ఇత్తడివి కదా. ఈ ఐదు నంబరు నూనెల కలిపే మందు బరువు మోసే ఇరుసుకు మంచిది, ఇత్తడినైతే తినేస్తది. పైగా ఇంత చిక్కటిది చలికి ముద్ద కడతది, గేరెట్ల పడతది?"

"నాలుగు కన్నా ఐదు మంచిదనుకున్న అన్నా."

"అవి పరీక్షల మార్కులా భూపాల్? నాలుగు పని నాలుగుది, ఐదు పని ఐదుది. బండి పుస్తకంల రాసే ఉంటది. చూడలేదా?"

 పుస్తకం తెచ్చి ముందు పెట్టిన మనిషి భూపాల్‌కు గుర్తొచ్చింది.

సరైన నూనె తెచ్చి, పక్క బోల్టు రంధ్రం అంచు దాకా వచ్చి సన్నగా కారేదాకా నింపాడు. ఆ రాత్రి బండి షెడ్డులోనే ఉంచేసుకున్నాడు. తెల్లారి చలిలో వచ్చి, చల్లటి ఇంజను స్టార్ట్ చేసి, గేరు రాడ్డు మీద చెయ్యి వేశాడు. ఫస్ట్ మెత్తగా పడింది. సెకండ్ పడింది. థర్డ్ దగ్గర మాత్రం సన్నగా గరగరమంది. అరిగిన రింగును ఏ నూనే తిరిగి తేలేదు. వనజ అడిగిన పని ఇదే. ఒక్క రాత్రి ఉంచుకుని, ఒక్క పొద్దున చూడటం. అంతే.

రెండు రోజులు ఆయనకు ఏ పనీ సరిగ్గా చేతికి రాలేదు. మూడో రోజు ఉతికిన చొక్కా వేసుకుని క్యాంపస్‌కు బయలుదేరాడు. పాతికేళ్లు ఆ గేటు పక్కనే బతికినా లైబ్రరీ లోపలికి ఎప్పుడూ పోలేదు. వనజ పుస్తకాలిచ్చే కౌంటర్ దగ్గర ఉంది. ఆయన్ను వెంటనే గుర్తుపట్టింది. మెట్ల పక్కకు వచ్చి నిలబడింది.

భూపాల్ దాచకుండా చెప్పాడు. ఏ నూనె పోశాడో, ఎందుకు పోశాడో, దయాకర్ బండి తెచ్చాక ఏం తేలిందో.

"తప్పు మీ చేతిలో లేదు మేడం. నాదే."



"అప్పుడే చెప్పిన కదన్నా," అంది వనజ. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది భూపాల్‌కు.

"మీకు తెల్వదు గానీ," అంది మళ్లీ, "ఆ జనవరిల ఘట్‌కేసర్ అవతల కొత్త కాలేజీల లైబ్రరీ ఇన్‌చార్జిగ పొమ్మన్నరు నన్ను. బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడవాలె. బండి ఉన్నది కదా అని మొదట ఒప్పుకున్న. తర్వాత నా చేతితోని కాదని రాసిచ్చేసిన. నాకంటే చిన్నామె పోయింది. ఇప్పుడు గా లైబ్రరీ మంచిగ చేసిందంట."

 "ఇప్పుడన్నా మళ్లీ నడపొచ్చు మేడం. నేనే దగ్గరుండి..." అనబోయాడు భూపాల్.

"ఎన్నిసార్లు అనుకున్ననో తెలుసా? దివాకర్ తమ్ముడి బండిల కూర్చున్న ఒకసారి. స్టార్ట్ చేసిన. గేరు మీద చెయ్యి పెట్టంగనే తార్నాక సిగ్నలే యాదికొచ్చింది. దిగిపోయిన." ఆమె చున్నీ సర్దుకుంది. "ఒక్క పని చేస్తరా అన్నా? ఆ రోజు అందరి ముందు అన్నరు కదా. ఇప్పుడు మా ఆయన ముందు ఈ మాట చెప్పుండ్రి."

ఆదివారం భూపాల్ అడిక్‌మెట్ వెళ్లాడు. దివాకర్ పేపరు చదువుతున్నాడు. కుర్చీ చూపినా భూపాల్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. దివాకర్ మొదట నవ్వాడు. తర్వాత పేపరు మడిచాడు.

"ఇప్పుడెందుకు భూపాల్ గా ముచ్చట? బండే అమ్మేసినం."

"బండి గురించి కాదు సార్. మేడం మంచిగనే నడిపిన్రు. మొదటి నుంచి మంచిగనే నడిపిన్రు. నేను అబద్ధం చెప్తే మీరు నమ్మిన్రు."

దివాకర్ ముఖం ఒక్కసారి మారింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వనజ వైపు చూశాడు. మళ్లీ పేపరు చేతిలోకి తీసుకున్నాడు, కానీ చదవలేదు. వనజ భూపాల్‌కు చాయ్ ఇచ్చింది. 

గేటు దాకా వనజే వచ్చింది.

"బండి ఎట్లున్నది ఇప్పుడు?"

"ఫస్టు, సెకండు సాఫ్‌గ పడుతున్నయి మేడం. థర్డ్ ఖరాబైంది. జర గరగర అంటది."

"అయ్యో," అంది వనజ. "నాకు థర్డే ఇష్టముండె. క్యాంపస్‌ల ఆ పొడుగు రోడ్డు మీద థర్డ్‌ల వేస్తే, బండి మన మాట విన్నట్టే ఉంటుండె."

భూపాల్ మరోసారి అడిగాడు. తెల్లారి ఐదున్నరకు బండి తెస్తానని, దయాకర్ కాదనడని, రోడ్డు ఖాళీగానే ఉంటుందని.

"చూద్దాం అన్నా," అంది వనజ.

ఎవరినైనా నొప్పించకుండా కాదనాలంటే జనం అనే మాట అది. భూపాల్‌కు అర్థమైంది. అయినా తల ఊపాడు. స్కూటర్ తీసి, తార్నాకకు వేరే దారి ఉన్నా క్యాంపస్ లోపలి నుంచే పోయాడు. ఆ పొడుగు రోడ్డు మీద ఎవరో ఒకామె కారు నేర్చుకుంటోంది. బండి రెండుసార్లు ఆగింది, మూడోసారి కదిలింది. హారన్ కొట్టకుండా, ఆమె ముందుకు పోయేదాకా భూపాల్ వెనకే ఆగి ఉన్నాడు.