ఫ్రిజ్‌లో పెట్టిన చీమ

కాలేజీలో కీటకశాస్త్రం చెప్పే పురుగుల పంతులు పొద్దున్నే నోరు జారాడు. కాలనీ పార్కులో శంఖుపూల పందిరి మీద పాకేవాటిని చూసి తోటమేస్త్రీ, "చీమలేనండీ, వాటి దారిన అవే పోతాయి," అని మందు పంపు పక్కన పెట్టేశాడు. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పంతులు భార్య పెంచే తేనెటీగలు రోజంతా ఆ పూల మీదే వాలతాయి. మందు పడిందంటే పెట్టెలు ఖాళీ.

"అవి చీమలు కావు," అన్నాడు పంతులు.

"ఆరు కాళ్ళు, సన్న నడుము. చీమలు కాక ఏనుగులా?"

పంతులుకి ఒళ్ళు మండింది. ఒకదాన్ని డబ్బీలో పట్టి, చల్లబడితే కదలకుండా ఉంటుందని ఫ్రిజ్‌లో పెట్టాడు. భూతద్దం వెతుక్కుని వచ్చేసరికి డబ్బీ కడిగి బోర్లించి ఉంది.

"చీమ పట్టింది అల్లుడుగారూ, సింకులో పారబోశా," అంది అత్తగారు.

పంతులు పళ్ళు నూరాడు.

"పోనివ్వండి," అంది భార్య. "చీమనుకుంటే మీకు పోయేదేముంది?"

ఆయన అప్పటికే మెట్లు దిగిపోయాడు. ఇంకోదాన్ని పట్టి, మేస్త్రీ కంటికి భూతద్దం ఆనించాడు. "చీమ మీసం మోచెయ్యిలా వంగి ఉంటుంది. దీనిది తిన్నగా ఉంది. కింద ఆ సూదిమూతి చూడు. నల్లి జాతి పురుగు పిల్ల ఇది. చీమ వేషం కట్టి కాయల్లో రసమంతా పీల్చేస్తుంది."

మేస్త్రీ తలెత్తాడు. "పీల్చేస్తుందా? మంచి మాట చెప్పారు. సాయంత్రమే మందు కొట్టేస్తా."

గెలిచిన పంతులు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. బతిమాలగా బతిమాలగా మేస్త్రీ ఒక మెట్టు దిగాడు. సాయంత్రంలోపు అన్నీ ఏరేస్తే మందు లేదు. ఒక్కటి కనబడినా ఉంది.

సబ్బునీళ్ళ బకెట్‌తో పంతులు, భార్య, అత్తగారు ముగ్గురూ పందిరి కింద చేరారు. వాటి మధ్య నిజం చీమలూ ఉన్నాయి. అవి కుట్టికుట్టి పంతులు వేళ్ళు వాచిపోయాయి. భార్య ఒక్కో పురుగునీ ఆయన కళ్ళ ముందే నీళ్ళలో ముంచుతోంది. ఆయనకి అదే ఎక్కువ భయంగా ఉంది.

పంపు భుజానేసుకుని మేస్త్రీ వచ్చాడు. ఓ పువ్వు మీద నల్లగా ఏదో కదిలింది. "దొరికింది."

"ఇది చీమయ్యా," అన్నాడు పంతులు. "ఒట్టు, నిజంగా చీమే."

"పొద్దున్నుంచి కాదన్నది మీరేగా."

"మీసం వంగి ఉంది, చూడు..."

"మీసాల సంగతి నాకొద్దండీ." పంపు పిడి పట్టుకున్నాడు.

"వేలు పెట్టి చూడు నాయనా," అంది అత్తగారు.

మేస్త్రీ వేలు పెట్టాడు. మరుక్షణం చెయ్యి విదిలించుకున్నాడు.

"చీమే," అని పంపు దించి, వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"చీమల్లో ఇది ఏ జాతంటే..." పంతులు మొదలుపెట్టాడు.

భార్య బకెట్ ఆయన చేతిలో పెట్టింది. "నడవండి ఇంటికి."